సింగపూర్ నుంచి గుడ్ హోప్ అగ్రం దాకా బి24 మీద పదిహేడు రోజులు

నేను చీఫ్ ఇంజినీరుగా పనిచేసిన ఈ నౌక 2014లో నీట దిగింది. 82 వేల టన్నుల మోతగల బల్క్ క్యారియర్. ఆరు సిలిండర్ల టూ-స్ట్రోక్ మెయిన్ ఇంజిను, మూడు జనరేటర్లు. ప్రధాన యంత్రం, జనరేటర్లు కలిపి, ఖాళీగా వెళ్లేటప్పుడు, గంటకు పన్నెండున్నర నాటికల్ మైళ్ల వేగంతో రోజుకు సుమారు 24 టన్నుల ఇంధనం తాగుతుంది. సింగపూర్‌లో ఇంధనం నింపుకుని సోయా కోసం బ్రెజిల్‌లోని శాంతోస్‌కు వెళ్లాలి. ఆ ప్రయాణంలోనే బయోడీజిల్ కలిపిన ఓడ ఇంధనం బి24ను 420 టన్నులు వాడి చూడాలని యాజమాన్యం నిర్ణయించింది.

కారణం దాచాల్సింది కాదు. నౌక మోయగల బరువుకు, తిరిగిన దూరానికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలామో లెక్కగట్టి, అంతర్జాతీయ నౌకాయాన సంస్థ నిబంధనల కింద 2023 నుంచి ప్రతి పెద్ద నౌకకూ ఎ నుంచి ఇ దాకా గ్రేడు ఇస్తున్నారు. మాకు అంతకుముందు ఏడాది డి వచ్చింది. వరుసగా మూడేళ్లు డి వస్తే దిద్దుబాటు ప్రణాళిక రాసి ఇవ్వాలి. పదేళ్లు దాటిన నౌకకు కొత్త ఇంజిను పెట్టరు. వేగం అప్పటికే తగ్గించాం, అడుగున పట్టిన నాచు గీయించాం. ఇక మిగిలింది ఇంధనం.

బి24 అంటే ఘనపరిమాణంలో 24 శాతం బయోడీజిల్, మిగతాది మామూలు తక్కువ గంధకపు ఫర్నేస్ ఆయిల్. ఇరవై అయిదో ముప్పయ్యో కాకుండా 24 ఏమిటని మా థర్డ్ ఇంజినీరు అడిగాడు. ఓడలకు ఇంధనం తెచ్చి నింపే మామూలు బంకర్ బార్జిలు మోసే మిశ్రమంలో జీవ ఇంధనం 25 శాతం దాటకూడదని చాలాకాలం నియమం ఉండేది. దాటితే అది రసాయనాల రవాణా నిబంధనల కిందికి వెళ్లేది. గీతకు ఒక మెట్టు దిగువన ఆగి సింగపూర్ వ్యాపారం 24 మీద స్థిరపడింది. 2025 ఏప్రిల్‌లో ఆ పరిమితిని 30 శాతానికి పెంచారు. ఇంజిను వైపు చూస్తే, 30 శాతం దాకా కలిపిన మిశ్రమాన్ని నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో పెట్రోలియం ఇంధనంలాగానే పరిగణించవచ్చని 2022లోనే స్పష్టత వచ్చింది. కాబట్టి ఇంజిను సర్టిఫికెట్ల జోలికి వెళ్లాల్సిన పని మాకు లేదు.

కొనేముందు

కొనుగోలు విభాగం రెండు ధరలు పంపింది. ఒకటి వాడిన వంటనూనె నుంచి తీసిన మిథైల్ ఎస్టరు, అంటే అసలైన బయోడీజిల్, కలిపిన బి24. రెండోది అంతకంటే చవక. అందులో ‘జీవ భాగం’ అని మాత్రమే ఉంది, ఏ నూనె నుంచి వచ్చిందో లేదు. నేను రెండోది వద్దని రాతపూర్వకంగా చెప్పాను.

నాది పలాస పక్క ఊరు. జీడిపిక్కలు కొట్టే చోట పెరిగినవాడికి పిక్క పెంకులోని నూనె సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా మేనత్త ఆముదం రాసుకునే పనికి కూర్చునేది. అయినా వేళ్ల చివర్లు నల్లబడి, పొరలు ఊడిపోయేవి. ఆ పెంకు నూనెనే చవక జీవ ఇంధనంగా ఓడ ఇంధనంలో కలుపుతున్నారని ఇంధన పరీక్షా సంస్థలు కొన్నేళ్లుగా హెచ్చరిస్తున్నాయి. అందులోది ఎస్టరు కాదు, కార్డనాల్, కార్డాల్ వంటి ఫినాల్ పదార్థాలు. ఆమ్లత్వం ఎక్కువ, వేడికి జిగురుగా గట్టిపడే స్వభావం ఎక్కువ. అలాంటి మిశ్రమాలు వాడిన నౌకల్లో ఫిల్టర్లు మూసుకుపోయాయి, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపులు పాడయ్యాయి. కాగితం మీద రెండూ ‘బయో’యే. చేతి తోలు ఊడగొట్టే నూనెను పంపు ప్లంజరు మీదికి పంపడానికి నా మనసు ఒప్పలేదు. ఆర్డరులో జీవ భాగం ఐరోపా బయోడీజిల్ ప్రమాణానికి సరిపోవాలని, మిశ్రమం ఐఎస్ఓ 8217 తాజా, అంటే 2024 ముద్రణ ప్రకారం ఉండాలని రాయించాం. జీవ మిశ్రమాలకు విడిగా శ్రేణులు పెట్టింది ఆ ముద్రణే. అంతకుముందున్న 2017 ముద్రణ డిస్టిలేట్, అంటే డీజిల్ లాంటి తేలిక ఇంధనాల, కొన్ని శ్రేణుల్లో మాత్రమే, అదీ 7 శాతం దాకా, ఎస్టరును అనుమతించింది.

ట్యాంకులు

బయోడీజిల్‌కు ఉన్న పెద్ద గుణమే పెద్ద ఇబ్బంది కూడా. అది మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటుకున్న మడ్డిని నానబెట్టి కిందికి దింపుతుంది. ఈ సంగతి ప్రతి ఇంజిను తయారీదారు సూచనల్లోనూ ఉంటుంది. మేమూ చదివాం. సింగపూర్‌కు వచ్చే ముందే ఓడ అడుగున ఉండే డబుల్ బాటమ్ స్టోరేజి ట్యాంకు ఒకటి ఖాళీ చేసి, గాలి ఆడించి, ఆక్సిజన్ 20.9 శాతం ఉందని చూసుకుని, మనుషులను దింపి గీకించాం. నాలుగు రోజులు పట్టింది.

నా వల్ల జరిగిన పొరపాటు ఇక్కడే. స్టోరేజి ట్యాంకు గీకించాను గాని, నూనెలోని నీరు, మడ్డి అడుగుకు దిగేలా నిలవ ఉంచే సెట్లింగ్ ట్యాంకు గీకించలేదు. మా నౌకలో సెట్లింగ్ ట్యాంకులు, శుభ్రమైన నూనెను ఇంజినుకు అందించే సర్వీస్ ట్యాంకులు రెండేసి ఉన్నాయి. ఒక జత తక్కువ గంధకపు నూనెకు ఎప్పటినుంచో వాడుకలో ఉంది. రెండో జత 2020కి ముందు, గంధకం మూడున్నర శాతం దాకా అనుమతించిన రోజుల్లో, హెవీ ఫ్యుయల్ ఆయిల్‌కు వాడేవారు. 0.50 శాతం నియమం వచ్చినప్పుడు దాన్ని కడిగినట్టు రికార్డులో ఉంది. ఆ రాతను నమ్మాను. బి24ను విడిగా ఉంచాలి కాబట్టి ఆ రెండో జతనే కేటాయించాను. మూత తీసి టార్చి వేసి చూడటానికి అరగంట చాలు. ఆ అరగంట నేను పెట్టలేదు.

లైఫ్‌బోటు ఇంజిను, ఎమర్జెన్సీ జనరేటరు ట్యాంకుల్లోకి మాత్రం ఈ నూనె ఒక్క చుక్క కూడా వెళ్లనివ్వలేదు. నెలల తరబడి కదలకుండా ఉండే ట్యాంకులవి. ఎస్టరు గాలిలోని తేమను లాక్కుంటుంది, ఆ తేమలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. అవసరం వచ్చిన రోజున ఆ ఇంజిను స్టార్టు కాకపోతే పోయేది ప్రాణాలు.

బంకరింగ్, అంటే ఇంధనం నింపుకోవడం, సాఫీగా జరిగింది. సింగపూర్‌లో 2017 నుంచి ఫర్నేస్ ఆయిల్‌కు, బరువును నేరుగా కొలిచే మాస్ ఫ్లో మీటరు తప్పనిసరి కాబట్టి కొలత దగ్గర పేచీ రాలేదు. ఇంధన గొట్టం తగిలించే మేనిఫోల్డు దగ్గర నూనె ఎక్కుతున్నంత సేపూ చుక్కచుక్కగా నమూనా పట్టి ఒకటి పరీక్షకు పంపాం. రిపోర్టు వచ్చేవరకు వాడలేదు. సుండా జలసంధి దాటి హిందూ మహాసముద్రంలోకి వచ్చేదాకా ఎలాగూ ఇంధనం మార్చే ఉద్దేశం లేదు. ఇరుకు నీళ్లలో కొత్త ఇంధనంతో ప్రయోగం చేయకూడదు.

రిపోర్టు రెండో రోజు సాయంత్రం వచ్చింది. ఎస్టరు 24.1 శాతం, సాంద్రత ఘనపు మీటరుకు 948 కిలోలు, నీరు 0.08 శాతం, గంధకం 0.37 శాతం. ఎస్టరులో గంధకం దాదాపు ఉండదు కాబట్టి కలిపినంత మేరకు అది తగ్గింది. ఆమ్ల సంఖ్య 0.6. గమనించాల్సింది చిక్కదనం. 50 డిగ్రీల దగ్గర 48 సెంటీస్టోక్స్. అంతకుముందు వాడిన నూనె 180. నాలుగో వంతు ఎస్టరు కలిస్తే చిక్కదనం నాలుగో వంతు తగ్గుతుందని అనుకునేవారు ఉంటారు. అలా తగ్గదు, ఒక్కసారిగా పడిపోతుంది. ఇంజినులోకి వెళ్లేటప్పుడు 12 సెంటీస్టోక్స్ కావాలంటే పాత నూనెను 120 డిగ్రీల దాకా వేడిచేయాలి, దీనికి 90 సరిపోతుంది. ఆ పని చిక్కదనం నియంత్రించే పరికరం తనంతట తానే చేస్తుంది. ట్యాంకుల వేడి మాత్రం మనిషే తగ్గించాలి.

మూడో రాత్రి

సుండా దాటాక ఇంధనం మార్చాం. వేడిని నిమిషానికి రెండు డిగ్రీలకు మించకుండా తగ్గిస్తూ, రెండు గంటల్లో పూర్తయింది. మొదటి రెండు రోజులు ఏమీ తేడా లేదు. ఇంజిను చప్పుడు మారలేదు. ఇంధనం మార్చిన తర్వాత మూడో రాత్రి ఒంటిగంటన్నరకు ఫోను మోగింది. ఆటో ఫిల్టరు తనను తాను కడుక్కోవడం ఎక్కువైందని సెకండ్ ఇంజినీరు చెప్పాడు. మామూలుగా గంటకు ఒకసారి కడుక్కునేది నాలుగు నిమిషాలకు ఒకసారి కడుక్కుంటోంది. ఫిల్టరుకు ముందు, వెనక ఒత్తిడి తేడా పెరుగుతూనే ఉంది.

నేను కిందికి దిగేసరికి అలారం మోగింది. బ్రిడ్జికి చెప్పి ఇంజిను వేగం నిమిషానికి 82 చుట్ల నుంచి 65కు తగ్గించాం. జనరేటర్లను డీజిల్ లాంటి మెరైన్ గ్యాసాయిల్ మీదికి మార్చాం. మెయిన్ ఇంజిను ఆగినా కరెంటు పోకూడదు. ఆటో ఫిల్టరును పక్కన పెట్టి, చేతితో కడిగే జంట ఫిల్టరు మీదికి వెళ్లాం. ఒకటి పనిచేస్తుంటే రెండోది విప్పి కడగడం. అప్పటినుంచి ఇరవై ఆరు గంటల్లో ఆ ఫిల్టర్లను నలభై సార్లకు పైగా విప్పాం.

కారణం రెండింటిలో ఏదో ఒకటి అయి ఉండాలి. ఒకటి, పైపుల్లో మిగిలిన పాత నూనెకూ ఈ బి24కూ పొత్తు కుదరక, నూనెలో కరిగి ఉన్న తారు విడిపోయి మడ్డిగా దిగడం. రెండు, పాత మడ్డి ఊడిరావడం. మందు రెండింటికీ ఒకటి కాదు. మొదటిదైతే బి24 వాడకం వెంటనే ఆపాలి. రెండోదైతే ఓపికగా కడుక్కుంటూ వెళ్లాలి. చుక్క పరీక్ష చేశాం. రెండు నూనెలూ సగం సగం కలిపి, వేడిచేసి, పరీక్ష కాగితం మీద ఒక చుక్క వేసి ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. పొత్తు కుదరకపోతే చుక్క నడుమ నల్లటి వలయం కడుతుంది. మాకు మరక అంతటా ఒకే గోధుమరంగులో పరుచుకుంది, నడుమ లీలగా ఒక గీత మాత్రమే.

అప్పటికీ నాకు నమ్మకం చిక్కలేదు. తెల్లవారుజామున ఫిల్టరు క్యాండిల్ (లోపలి జల్లెడ గొట్టం) చేతిలో పట్టుకుని మా ఫిట్టరు నా దగ్గరికి వచ్చాడు. కవిటి మండలం మనిషి. మా ఉద్దానం కుర్రాళ్లు ఎందరో ఓడల్లోనే బతుకుతున్నారు. ఇతడికి ఇరవై ఏళ్ల సర్వీసు.

“సార్, ఇది ఈ నూనె మడ్డి కాదు. గోకితే పొరలుగా వస్తోంది చూడండి. కొత్తగా దిగిన మడ్డి అయితే పేస్టులా ఉండాలి, వేలికి అంటుకోవాలి. ఇది ఎప్పటిదో.”

చూశాను. తాటి చాప ముక్కల్లాంటి పలుచని నల్లటి పెచ్చులు. అంచులు మెత్తబడ్డాయి, నడుమ ఇంకా గట్టిగానే ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే రవ్వ తగిలింది. ట్యాంకు గోడనుంచి ఊడింది కాకపోతే అలా ఉండదు. చుక్క పరీక్ష చెప్పింది, అతడి గోరు చెప్పింది ఒకటే. నేను కేటాయించిన సెట్లింగ్ ట్యాంకే కారణం.

అక్కడినుంచి దారి తెలిసింది. సెట్లింగ్ ట్యాంకు వేడి అలవాటు కొద్దీ 75 డిగ్రీల దగ్గర ఉండిపోయింది. దాన్ని 50కి దించాం. వేడి ఎంత ఎక్కువైతే ద్రావకం అంత పనిచేస్తుంది, ఎస్టరు కూడా అంత త్వరగా చెడుతుంది. స్టోరేజి నుంచి ఒకేసారి పాతిక టన్నులు దింపడం మానేసి రెండేసి టన్నులు దింపాం. మట్టం ఊగితే గోడలు కడిగినట్టవుతుంది, నూనె పోటు తగిలితే అడుగున ఉన్న మడ్డి కదులుతుంది. నూనెలోంచి మడ్డి, నీరు వేరుచేసే రెండు ప్యూరిఫయర్లనూ, నూనె తక్కువ వేగంతో పారేలా పక్కపక్కన నడిపాం. వాటి ఉష్ణోగ్రత కూడా 98 నుంచి 85కు తగ్గించాం. ట్యాంకు అడుగు కుళాయి గంటకోసారి తెరిచి మడ్డి, నీరు వదిలాం. ఆరో రోజుకు ఆటో ఫిల్టరు మళ్లీ గంటకోసారి కడుక్కునే స్థితికి వచ్చింది. వేగం పెంచాం. పోయిన సమయం పద్నాలుగు గంటలు.

చిన్న సంగతి ఇంకొకటి. తొమ్మిదో రోజున సప్లయి పంపు సీలు దగ్గర నూనె చెమర్చింది. విప్పి చూస్తే నైట్రైల్ రబ్బరు ఓ-రింగు ఉబ్బి, గాడిలోంచి పైకి వచ్చింది. పక్కన కొత్తది పెట్టి చూస్తే తేడా కంటికే తెలిసింది. ఎస్టరు తాకే చోట వైటాన్ రింగులు వేయాలని తెలిసి చాలావరకు మార్చాం, ఇదొక్కటి తప్పిపోయింది. రాగి, ఇత్తడి, జింకు భాగాలతోనూ ఎస్టరుకు పడదు. మా లైనులో ఒక ఇత్తడి నమూనా కుళాయి ఉంటే దాన్నీ ఉక్కుదానితో మార్చాం.

ఇంజిను ఏమంది

ఇంజినులో చెప్పుకోదగ్గ సమస్య ఏదీ రాలేదు. ఒకే లోడు దగ్గర పాత నూనెతో, బి24తో తీసిన అంకెలు పక్కపక్కన పెట్టాను. సిలిండర్లలో గరిష్ఠ పీడనం తేడా రెండు బార్లలోపు. ఎగ్జాస్టు ఉష్ణోగ్రతలు అయిదారు డిగ్రీలు అటూ ఇటూ. ఇంజినులోకి వెళ్లే ఇంధన మోతాదు చూపే ఫ్యూయల్ ఇండెక్సు కొద్దిగా పెరిగింది, పెరగాలి కూడా. ఎస్టరు అణువులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కిలోకు ఇచ్చే వేడి తక్కువ, సుమారు 37.2 మెగాజౌల్స్. మేము వాడే ఫర్నేస్ ఆయిల్‌కు 41.2. శాంతోస్ లంగరులో సిలిండర్లోకి గాలి వెళ్లే స్కావెంజ్ పోర్టుల్లోంచి రింగులు, లైనర్లు చూశాం. శుభ్రంగా ఉన్నాయి. అయితే పదిహేడు రోజుల వాడకం చూసి పంపుల ఆయుష్షు గురించి తీర్పు చెప్పే పని నేను చేయను.

లెక్క దగ్గర చాలామంది జారే చోటు ఒకటుంది. 24 శాతం ఘనపరిమాణంలో. నౌక మీద ఇంధనం లెక్కలన్నీ బరువులో. ఎస్టరు తేలిక కాబట్టి బరువులో అది 22.3 శాతమే. శక్తిలో చూస్తే ఇంకా తక్కువ, 20.6. మిశ్రమం కిలోకు ఇచ్చేది 40.3 మెగాజౌల్స్. అంటే అదే పనికి రెండు శాతం పైచిలుకు ఎక్కువ నూనె కాలాలి. 24 టన్నులు తాగే నౌక 24.5 తాగాలి. ఫిల్టరు గొడవ జరిగిన రోజులు తీసేసి చూస్తే మా సగటు అంతే వచ్చింది.

కార్బన్ సంగతి. పొగగొట్టం దగ్గర కొలిస్తే ఎస్టరు కూడా కార్బన్ డయాక్సైడే వదులుతుంది. తేడా అంతా ఇంధనం పుట్టుక నుంచి వేసే లెక్కలో ఉంది. పండించడం నుంచి మండించడం దాకా మెగాజౌలుకు 33 గ్రాములు మించకుండా, గుర్తింపు పొందిన ధ్రువపత్రం ఉంటేనే గ్రేడు లెక్కలో తగ్గింపు ఇస్తామని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2023 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చింది. పోలికకు పెట్టుకున్న శిలాజ ఇంధనం అంకె 94. వాడిన వంటనూనె ఎస్టరుకు ఐరోపా నిబంధనల ప్రామాణిక విలువ 14.9. దాన్ని బట్టి మా ఎస్టరు టన్నుకు లెక్కలో వచ్చేది 0.55 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఫర్నేస్ ఆయిల్‌కు 3.114. మిశ్రమానికి 2.54. ఎక్కువ కాలిన నూనెను కూడా కలుపుకుంటే నికరంగా 16.5 శాతం తగ్గుదల. 420 టన్నుల మీద సుమారు 210 టన్నులు. అమ్మకపు కాగితాల్లో 24 అనే అంకె పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఓడ యజమానికి చెప్పాల్సింది 16.5.

అదైనా ధ్రువపత్రం చేతికి వస్తేనే. నూనె ఎక్కిన రోజు వచ్చేది బంకర్ డెలివరీ నోటు మాత్రమే. ఆ ఎస్టరు ఏ నూనె నుంచి, ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పే సుస్థిరత పత్రం మాకు అయిదు వారాల తర్వాత అందింది. అప్పటికి నూనె కాలిపోయింది. ఆ పత్రం రాకపోయి ఉంటే లెక్కలో అదంతా మామూలు ఫర్నేస్ ఆయిలే. తదుపరి ఒప్పందంలో డబ్బు చివరి విడత ఆ పత్రం అందాకే అని రాయించమని కోరాను. అడవి కొట్టి వేసిన తోటలోని పామాయిల్‌ను వాడిన నూనె పేరుతో అమ్మితే, నేను ఇంజిన్ రూములో రాత్రంతా పడిన శ్రమకు అర్థం లేదు. ఈ రంగంలో అన్నింటికంటే జాగ్రత్త పడాల్సింది అక్కడే అని నా నమ్మకం.

మన దగ్గర ఇది పరాయి విషయం కాదు. కాకినాడలో పెద్ద బయోడీజిల్ కర్మాగారం ఉంది. హోటళ్లు మళ్లీమళ్లీ కాచిన నూనెను వంటలోకి రానివ్వకుండా బయోడీజిల్‌కు మళ్లించే పథకాన్ని భారత ఆహార భద్రతా సంస్థ 2018లో మొదలుపెట్టింది. నూనె కాగేకొద్దీ అందులో ఏర్పడే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే అది వంటకు పనికిరాదు. ఆ నూనె బజ్జీల మూకుడులోకి తిరిగి వెళ్లకుండా ఒక ఓడను నడిపితే రెండు చోట్లా మేలే. విశాఖ, కాకినాడ రేవుల్లో ధ్రువపత్రంతో సహా అలాంటి మిశ్రమం దొరికే రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

బి24 గుడ్ హోప్ అగ్రానికి కాస్త ముందు అయిపోయింది. తక్కువ గంధకపు నూనె ఉన్న మొదటి జత ట్యాంకుల మీదికి మారాం. శాంతోస్ బయట లంగరులో తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ వ్యవధిలో ఖాళీ అయిన సెట్లింగ్ ట్యాంకు మూత విప్పించాను. గాలి ఆడించి, కొలతలు చూసుకుని, నేనే ముందు దిగాను. టార్చి వెలుగులో గోడ మీద అడ్డంగా ఒక గీత కనిపించింది. బి24 నిలిచిన మట్టం అది. గీతకు పైన వేలి మందాన నల్లటి పెచ్చు, పాత హెవీ ఫ్యుయల్ రోజులది. గీతకు దిగువన ఉక్కు, వెల్డింగు అతుకులతో సహా. ఫిట్టరు నా వెనకే దిగి, గోకుడు కర్ర తీసుకుని, గీతకు పైనుంచి పని మొదలుపెట్టాడు.